ఆ చెయ్యి వదిలేయండి

(ఎదుగుదలకు సంబంధించిన వైకల్యాలున్నవారి తల్లిదండ్రులు, ప్రత్యేక ఉపాధ్యాయులు నల్లగొండలో జరుపుకున్న సమావేశంలో ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్న అమ్మలకు వినబడుతోందా? సరే.

నాకు ఈ రోజు ఇచ్చిన అంశం "చిత్రకళ వల్ల ప్రత్యేక అవసరాల పిల్లలకు కలిగే ప్రయోజనాలు". ఆహ్వాన పత్రంలో అలాగే అచ్చయింది. ప్రయోజనాలు చెప్పడం తేలికే. వేళ్లకు పట్టు వస్తుంది, కుదురుగా కూర్చుంటారు, కన్నూ చెయ్యీ కలిసి పనిచేస్తాయి, చిరాకు తగ్గుతుంది. అన్నీ నిజమే. ఇక్కడున్న థెరపిస్టులు ఇవన్నీ నాకంటే బాగా చెబుతారు. నేను ఒక్క సంగతి అడుగుతాను. మీ ఇంట్లో వైకల్యం లేని పిల్ల బొమ్మ వేసి తెస్తే "వేళ్లకు మంచి పట్టు వచ్చిందే" అంటారా? "ఏం వేశావు, ఏదీ చూపించు" అంటారు. వీళ్ల దగ్గరికి వచ్చేసరికి బొమ్మను వదిలేసి వేళ్లను చూస్తాం. నేను ఈ పూట బొమ్మ గురించే మాట్లాడతాను. నిర్వాహకులు క్షమించాలి.

నేను చెప్పేది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉన్నవారి గురించి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారినీ కలిపే చెబుతున్నాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో ఇవీ ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఒక్క మేధో వైకల్యం కిందే దేశంలో సుమారు 15 లక్షల మంది నమోదయ్యారు. వీళ్లందరినీ మనం "పిల్లలు" అనేస్తాం. అందులో నలభై ఏళ్లవాళ్లూ ఉన్నారు, మీసాలు నెరిసినవాళ్లూ ఉన్నారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

డిసెంబరు 3 వచ్చిందంటే మనకు చిత్రలేఖనం పోటీ తప్పదు. ఐక్యరాజ్యసమితి 1992లో ఆ రోజును వికలాంగుల దినంగా ప్రకటించింది. న్యాయనిర్ణేతగా నన్ను పిలుస్తుంటారు. పోటీ ఎలా నడుస్తుందో మీకు తెలియనిది కాదు. నేల మీద జంపఖానా పరుస్తారు. పిల్లవాడి ముందు అట్ట, అట్ట మీద తెల్ల కాగితం, పక్కన రంగుల డబ్బా. పిల్లవాడి వెనక అమ్మో, ఆయానో, టీచరో కూర్చుంటుంది. ఆమె కుడిచెయ్యి పిల్లవాడి కుడిచెయ్యి మీద పడుతుంది. ఇక చూడండి: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, గుడిసె ముందు వంపు తిరిగే ఏరు. పది నిమిషాల్లో సిద్ధం. ఆ పది నిమిషాలూ పిల్లవాడు తిరిగే ఫ్యాను వైపో, కిటికీ వైపో చూస్తుంటాడు. కింద చెయ్యి మాత్రం కదులుతుంటుంది.

రెండు గుట్టల నడుమ ఊరే మనది. ఇటు కాపురాల గుట్ట, అటు లతీఫ్ సాబ్ గుట్ట. వాటిని చూసి వేసి ఉంటే సంతోషించేవాణ్ణి. అంత మొరటు బండల గుట్టలను ఏ టీచరూ రెండు గీతల్లో తేల్చలేరు. కాగితం మీద ఉన్నవి మన గుట్టలు కావు, పాత క్యాలెండరు మీది కొండలు. ఇక ఆ ఏరంటారా, నీళ్లకు కటకటలాడే మర్రిగూడ నుంచి వచ్చిన పిల్లవాడి కాగితం మీద కూడా నిండుగా పారుతూనే ఉంటుంది! (నవ్వులు) ఇప్పుడు మొదటి బహుమతి ఎవరికివ్వాలి? స్టీలు డబ్బా పిల్లవాడి చేతికే ఇస్తాం. గెలిచింది మాత్రం టీచరు.

అమ్మలను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. వాళ్లు చెయ్యి ఎందుకు పట్టుకుంటారో నాకు తెలుసు. పక్క పిల్లవాడి కాగితం నిండుతోంది, మనవాడిది ఖాళీగా ఉంది. మెడ నిలపడం దగ్గర నుంచి, నడక, మాట, బడి, ప్రతి మెట్టు దగ్గరా పక్కింటి పిల్లలతో పోల్చుకుని పడ్డ బాధంతా ఆ ఖాళీ కాగితంలో మళ్లీ కనబడుతుంది. భరించలేక చెయ్యి పట్టుకుంటారు. ఆ పట్టులో ఉన్నది ప్రేమే. బొమ్మ మాత్రం పిల్లవాడిది కాకుండా పోతుంది.

ప్రేమతో పట్టుకున్న చెయ్యి ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పే ఒక ఉదంతం ఉంది. 1990ల మొదట్లో అమెరికాలో ఒక పద్ధతి బాగా వ్యాపించింది. మాటలు రాని ఆటిజం పిల్లల చెయ్యి గానీ మోచెయ్యి గానీ ఒక సహాయకురాలు పట్టుకుంటుంది, పిల్లవాడు అక్షరాల పలక మీద ఒక్కో అక్షరం నొక్కుతాడు. ఉన్నట్టుండి పిల్లలు వాక్యాలు రాశారు, కవితలు రాశారు. తల్లిదండ్రులు కన్నీళ్లు పెట్టుకున్నారు. తర్వాత పరిశోధకులు ఒక చిన్న పరీక్ష పెట్టారు. పిల్లవాడికి ఒక బొమ్మ, సహాయకురాలికి వేరే బొమ్మ, ఒకరిది ఒకరికి తెలియకుండా చూపించారు. పలక మీద వచ్చిన పేరు సహాయకురాలు చూసిన బొమ్మది! అలాంటి పరీక్షలు చాలా జరిగాయి, ఫలితం దాదాపు ప్రతిసారీ అదే. 1994లో అమెరికా మనస్తత్వవేత్తల సంఘం ఆ పద్ధతికి శాస్త్రీయ ఆధారం లేదని తీర్మానించింది. ఇందులో నన్ను కలవరపెట్టేది ఏమిటంటే, ఆ సహాయకుల్లో చాలామంది మోసగాళ్లు కారు. పిల్లవాడే రాస్తున్నాడని మనస్ఫూర్తిగా నమ్మారు. చెయ్యి మీద చెయ్యి పడ్డాక, ఏ కదలిక ఎవరిదో పట్టుకున్నవాళ్లకే తెలియకుండా పోయింది.

గుండీలు పెట్టుకోవడం, చెంచాతో తినడం నేర్పేటప్పుడు చెయ్యి పట్టుకోండి, ఎవరు వద్దన్నారు? గుండీ ఎవరు పెట్టినా గుండీయే. బొమ్మ అలా కాదు. కాగితం జారిపోతుంటే కాగితాన్ని పట్టుకోండి. కుర్చీ ఎత్తు తక్కువైతే పీట వేయండి. రంగు డబ్బా మూత రాకపోతే తీసిపెట్టండి. ఆ తర్వాత మీ చేతులు మీ ఒళ్లో పెట్టుకోండి.

"పట్టుకోకపోతే వీడు అసలేమీ వేయడు సార్" అంటారు. వేయకపోవచ్చు. ఎన్నాళ్లు వేయకపోవచ్చు అనే ప్రశ్నకు ఒక మనిషి జీవితం జవాబు చెబుతుంది.

1943లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కవల ఆడపిల్లలు పుట్టారు. జాయిస్, జుడిత్. జుడిత్‌కు డౌన్ సిండ్రోమ్. చెవుడు కూడా ఉంది, అయితే ఆ సంగతి చాలా ఏళ్లు ఎవరూ కనిపెట్టలేదు. వినబడని పిల్లను ప్రశ్నలడిగి, జవాబు రాలేదని, చదువు రాదని తేల్చేశారు. ఏడేళ్ల వయసులో తీసుకెళ్లి ఒక సంస్థలో పెట్టారు. 35 ఏళ్లు అలాంటి చోట్లే గడిచాయి. చివరికి జాయిస్ పట్టుబట్టి సోదరిని తన దగ్గరికి కాలిఫోర్నియా తెచ్చుకుంది. 1987లో ఓక్‌లాండ్ నగరంలోని క్రియేటివ్ గ్రోత్ అనే కళాకేంద్రంలో చేర్పించింది. అప్పటికి జుడిత్ స్కాట్‌కు నలభై దాటాయి.

ఆ కేంద్రం సంగతి కూడా కొంచెం చెప్పాలి. ఫ్లోరెన్స్ లుడిన్స్-కాట్జ్ అనే చిత్రకారిణి, ఆమె భర్త ఎలియాస్ కాట్జ్ అనే మనస్తత్వవేత్త 1974లో దాన్ని మొదలుపెట్టారు. తొలినాళ్లలో అది నడిచింది వాళ్లింటి కారు షెడ్డులో. వికలాంగులను ఏళ్ల తరబడి ఉంచిన పెద్ద పెద్ద ప్రభుత్వ సంస్థలు అక్కడ అప్పుడే ఖాళీ అవుతున్నాయి. బయటికి వచ్చినవాళ్లకు రోజంతా చేయడానికి పనేమీ లేదు. వీళ్లు బల్లలు వేశారు, రంగులు పెట్టారు, సహాయానికి వృత్తి కళాకారులను నియమించారు. తప్పనిసరి పాఠాలు లేవు, పరీక్షలు లేవు.

జుడిత్ అక్కడ దాదాపు రెండేళ్లు ఏమీ చేయలేదనే చెప్పాలి. కాగితం మీద ఏవో గీతలు గీసేది, వాటి మీద ఆమెకే ఆసక్తి లేదు. రెండేళ్లండీ. మన దగ్గరైతే రెండు నెలలకే రిజిస్టర్లో "పురోగతి లేదు" అని రాసి పక్కన పెట్టేస్తాం. అక్కడ ఎవరూ చెయ్యి పట్టుకోలేదు, పంపించివేయలేదు. ఒక రోజు సిల్వియా సెవెంటీ అనే కళాకారిణి నూలుతో పని చేయించే తరగతి పెట్టింది. జుడిత్ ఆమె చూపించింది చేయలేదు. దొరికిన పుల్లలు తీసుకుని వాటికి దారం చుట్టడం మొదలుపెట్టింది. ఇక ఆపలేదు. 2005లో చనిపోయేవరకు చుట్టుతూనే ఉంది. కుర్చీ, గొడుగు, దుకాణంలో సరుకులు వేసుకునే తోపుడు బండి, ఏది దొరికితే అది లోపల పెట్టి, పైన దారాలు, గుడ్డ పీలికలు, ముడి మీద ముడి. లోపలి వస్తువు కనబడకుండా పోయి కొత్త ఆకారం తేలేవరకు చుట్టేది. ఒకసారి దారం అందుబాటులో లేకపోతే చేతులు తుడుచుకునే కాగితాలను ముడివేసి మొత్తం బొమ్మ కట్టేసింది. సుమారు 200 శిల్పాలు చేసింది. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో అవి ఉన్నాయి. 2014లో బ్రూక్లిన్ మ్యూజియం ఆమె శిల్పాలెన్నో ఒకచోట చేర్చి పెద్ద ప్రదర్శన పెట్టింది. వాటి అర్థమేమిటో ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఆమెకు మాట లేదు, సైగల భాష కూడా ఎవరూ నేర్పలేదు. అయినా, మాటలొచ్చిన చిత్రకారులు చెప్పే అర్థాలు విని మనం బాగుపడింది ఏముంది?

ఆ ఫొటోలు నా ఫోనులో ఉన్నాయి. చాలామందికి చూపించాను. కొందరు "అయ్యో పాపం" అన్నారు. ఒకరు "ఇదీ ఒక కళేనా" అని అడిగారు. అందరిలోకీ సరిగ్గా చూసింది పుట్టపాక నుంచి కొడుకును తీసుకొచ్చే ఒక అమ్మ. తేలియా రుమాలు నేసే ఊరు కదా, ఆమె చిన్నప్పటి నుంచీ ఆసు పోసింది, నూలుకు సైకిల్ ట్యూబు పీలికలు బిగించి కట్టి రంగుకు పంపింది. ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి ముడుల దగ్గర ఆగింది. "గట్టిగా లాగి కట్టింది సార్. ఎక్కడా వదులు లేదు" అంది. తర్వాత "లోపల ఏం పెట్టింది?" అని అడిగింది. జాలి ఊసే లేదు. పనిమంతురాలు ఇంకో పనిమంతురాలి పనిని చూసిన చూపు అది. ఆ చూపు మన సమావేశాల్లో, మన బహుమతి ప్రదానాల్లో దొరకదు. నన్నడిగితే, తీర్పు చెప్పడానికి నా బదులు ఆమెను పిలవాలి.

ఇప్పుడు మన ఊరి మనిషి గురించి. పేరు చెప్పను, ఆయన అనుమతి అడగలేదు. ఇరవై దాటిన యువకుడు, ఆటిజం ఉంది, నాలుగైదు మాటలకు మించి మాట్లాడడు. తండ్రికి బస్టాండు దగ్గర టీ కొట్టు. నేను వారం వారం నడిపే బొమ్మల గదికి వస్తాడు. వాళ్లమ్మ మొదట్లో సిగ్గుపడుతూ చెప్పిన మాట: "రాసిందే రాస్తాడు సార్, బొమ్మ వేయమంటే వేయడు." నిజమే, రాసేవి బస్సు బోర్డులు. నల్లగొండ, తిప్పర్తి, మాడుగులపల్లి, వేములపల్లి, మిర్యాలగూడ. బడిలో ఉన్నప్పుడు దీన్ని మాన్పించడానికి చాలా ప్రయత్నించారట. బోర్డు వద్దు, బస్సు వేయమన్నారట, నాలుగు చక్రాలు, ఆరు కిటికీలు.

నేను ఆ యువకుడికి చేసిపెట్టింది ఒక్కటే, కాగితం పెద్దది చేయడం. ఖాకీ రంగు చుట్ట కాగితం బల్ల పొడుగునా పరిచి నాలుగు మూలలా టేపు అంటించాను. ఆయన కుడివైపు కింది మూల నుంచి మొదలుపెడతాడు. నీలం బాల్‌పెన్ను తప్ప ఇంకేదీ ముట్టడు. ఊరి పేరు రాస్తాడు, దాని మీదే మళ్లీ రాస్తాడు, అక్షరం అక్షరంలో కలిసిపోయి నీలం కాస్తా నలుపుకు తిరుగుతుంది. అంత ఒత్తిడికి కాగితం చిరుగుతుంది, చిరుగు చుట్టూ రాసుకుంటూ ముందుకు పోతాడు. దగ్గర నుంచి చూస్తే "ర్తి" ఒత్తులు చీమల బారులా కనబడతాయి, రెండడుగులు వెనక్కి జరిగితే రాత్రిపూట రోడ్డు. తిప్పర్తికీ మాడుగులపల్లికీ మధ్య బెత్తెడు చోటు ఎప్పుడూ ఖాళీగా వదులుతాడు. ఎన్ని కాగితాలు చూసినా ఆ ఖాళీ ఉంటుంది. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ జాగా తెలిసి వదిలిందే అని మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను. మనమెవరమైనా చెయ్యి పట్టుకుని ఉంటే ముందుగా నింపేది దాన్నే.

క్రియేటివ్ గ్రోత్‌లోనే డాన్ మిల్లర్ అనే ఆయన ఉన్నాడు, 1961లో పుట్టాడు, ఆటిజం ఉంది. బల్బు, స్విచ్చు సాకెట్టు, ఊళ్ల పేర్లు, ఇలాంటి మాటలనే ఒకదాని మీద ఒకటి రాస్తాడు, చివరికి చదవడానికి ఏమీ మిగలదు, చూడటానికి చాలా మిగులుతుంది. 2017లో ఇటలీలోని వెనిస్ అంతర్జాతీయ కళా ప్రదర్శనలో ఆయన పని, జుడిత్ స్కాట్ పని రెండూ పెట్టారు. దీన్ని బట్టి మన టీ కొట్టు అబ్బాయిని వెనిస్ పంపిస్తానని అనుకోకండి. (నవ్వులు) "రాసిందే రాయడం" జబ్బు లక్షణంగా మన ఫైలులో ఉంది. అదే పనిని వెనిస్‌లో పెద్దలు గోడకు పెట్టుకుని చూశారు. ఫైలు రాసేవాళ్లు దాన్ని ఒకసారి చూసి రాస్తే బాగుంటుంది, అంతవరకే నా మనవి.

పాలమూరు నుంచి వచ్చే మిత్రుడొకరు ఇలాంటిదే చెప్పారు. పిల్లలను పిల్లలమర్రి చూపించడానికి తీసుకెళ్లి, వచ్చాక వేయమన్నారు. అందరూ ఊడలు వేశారు. ఒక అమ్మాయి కాగితం నిండా సీసాలు, సన్నటి గొట్టాలు వేసింది. చెట్టే లేదు. 2018లో ఆ మర్రికి చెదలు పట్టినప్పుడు సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఫొటో ఆమె చూసి ఉండాలి. ఆసుపత్రులు బాగా తెలిసిన అమ్మాయి. ఏడు వందల ఏళ్ల చెట్టులో ఆమెకు ముఖ్యమనిపించింది సెలైన్ సీసా. టీచరు "చెట్టు ఏదమ్మా" అని అడగబోయి ఆగిపోయిందట. ఆ టీచరుకు నా నమస్కారం.

ఇక నలభై ఏళ్ల "పిల్లల" విషయం. 2016 చట్టంలోని 31వ సెక్షన్ ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు, థెరపీ అందించే భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఉంది, మీలో కొందరు అక్కడ శిక్షణ పొందినవారే. పద్దెనిమిది నిండాక? వైకల్య శాతం తేల్చే సదరం సర్టిఫికెట్, పింఛను. 2023లో నెలకు 4,016 రూపాయలు చేశారు, మంచిదే, కాదనను. పొద్దున లేచిన దగ్గర నుంచి రాత్రి పడుకునేదాకా ఆ మనిషి ఏం చేయాలన్నదానికి మాత్రం మన దగ్గర జవాబు లేదు. టీవీ ముందు కూర్చుంటారు. లేకపోతే గుమ్మంలో కూర్చుని దారిన పోయేవాళ్లను చూస్తారు. జుడిత్ స్కాట్ మొదటి దారం చుట్టింది నలభైల్లో. మన దగ్గర ఆ వయసుకు తెరిచి ఉన్న తలుపు ఏది?

అదే చట్టంలో 29వ సెక్షన్ చదవండి. వికలాంగులైన కళాకారులకు, రచయితలకు తమ అభిరుచిని కొనసాగించడానికి సౌకర్యాలు, చేయూత, ప్రాయోజకత్వం ప్రభుత్వం కల్పించాలని ఉంది. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మనం 2007లో ఆమోదించాం. దాని 30వ అధికరణం ఇంకో అడుగు ముందుకు వేసింది. వీళ్ల సృజనశక్తి వికసించాలి, వాళ్ల మేలు కోసమే కాదు, సమాజం సుసంపన్నం కావడానికి కూడా అంటుంది. అంటే మనం వాళ్లకు ఇచ్చేదే కాదు, వాళ్ల నుంచి మనకు రావలసిందీ ఉంది. బ్రిటన్‌లో సమకాలీన కళకు పెద్ద పురస్కారం టర్నర్ ప్రైజ్. 2025లో అది న్నేనా కాలు అనే మహిళకు వచ్చింది. ఆటిజం, మేధో వైకల్యం ఉన్న మనిషి, మాటలు తక్కువ. పాత వీడియో టేపులు, గుడ్డలు, అట్టలు చుట్టి చుట్టి గాలిలో వేలాడే పెద్ద పెద్ద ఆకారాలు చేస్తుంది. 1999 నుంచి ఆమెకు ఒక స్టూడియో అండగా ఉంది. పావు శతాబ్దం! ఒక గది తలుపు అన్నేళ్లు మూయకుండా తెరిచి ఉంచారు. పురస్కారంలో వాళ్ల వాటా అది.

మనకు కావలసిన గది పెద్దదేమీ కాదు. బల్లలు, మంచి వెలుతురు, ప్రతి వారం అదే రోజు అదే వేళ, ఇంకా నోరు మూసుకుని కూర్చోగలిగిన పెద్దమనిషి ఒకరు. దొరకడం కష్టమైంది ఈ చివరిదే. కాగితం కొననక్కర్లేదు. ప్రింటింగు ప్రెస్సులో అడిగితే కత్తిరించగా మిగిలిన ముక్కలు సంచి నిండా ఇస్తారు. మిగిలిపోయిన పెళ్లికార్డుల వెనక వైపు మంచి మందపాటి కాగితం. చేతికి పట్టు లేనివాళ్లకు కుంచె పిడికి గుడ్డ పీలిక లావుగా చుట్టండి. కాగితాన్ని బల్లకు టేపుతో అంటించండి. తడి తగిలితే గగుర్పాటు పడేవాళ్లుంటారు, వాళ్లను బంకమట్టి ముట్టుకోమని బలవంతం చేయకండి. పుల్ల ఇవ్వండి, రంగుల పెన్నులు ఇవ్వండి. రంగు నోట్లో పెట్టుకునేవాళ్లకు పసుపు, బీట్‌రూట్ రసం, మైదా గంజిలో కలిపి ఇవ్వండి. హోలీ రంగులు, సున్నం, బజారు కుంకుమ మాత్రం వద్దు. "ఇది ఏమిటి?" అని అడగకండి. అడిగితే మన సంతోషం కోసం "ఏనుగు" అంటారు, తర్వాత ఏనుగులే వేస్తారు.

ఇంకొకటి, డబ్బు, పేరు. ఎవరు గీసిన బొమ్మ వారిదే. 1957 కాపీరైటు చట్టం బొమ్మ గీసిన మనిషికి మేధో వైకల్యం ఉందా అని అడగదు. బతికున్నంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పిల్లల బొమ్మలు క్యాలెండరు మీద అచ్చువేసి, కింద సంస్థ పేరు పెద్దదిగా, దాత పేరు ఇంకా పెద్దదిగా వేసి, గీసినవాళ్ల పేరే వేయని క్యాలెండర్లు నా గోడ మీద కూడా ఉన్నాయి. పేరు వేయండి. సంతకం రాకపోతే వాళ్లు పెట్టే గుర్తు వేయండి. అమ్మితే డబ్బు వాళ్ల ఖాతాలో వేయండి. నేను చెప్పిన ఓక్‌లాండ్ కేంద్రంలో అమ్మకంలో సగం కళాకారుడిది. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేముందు ఆ మనిషిని అడగండి. మాట రాకపోతే కాగితం చూపించి, ఫోను చూపించి అడగండి. కాగితం వెనక్కి లాక్కుంటే అదే జవాబు.

నేను ఎక్కువసేపు మాట్లాడాను. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక తండ్రి: మాస్టారూ, మీరు చెప్పినవి బాగున్నాయి. మేము పోయాక మా అబ్బాయి దీంతో బతకగలడా?)

బతకలేడండీ. మీకు అబద్ధం చెప్పను. వైకల్యం లేని చిత్రకారులే చాలామంది బతకలేకపోతున్నారు, నేను జీతం రాళ్ల కోసం బడిలో చేరినవాణ్ణే. మీ తర్వాత ఆయన్ను చూసుకోవడానికి వేరే ఏర్పాట్లు కావాలి. ఆటిజం, మేధో వైకల్యం వంటివి ఉన్నవారి కోసం చేసిన నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు ఆధ్వర్యంలో స్థానిక కమిటీ ఉంటుంది, సంరక్షకుల నియామకం అక్కడ జరుగుతుంది, ఆ దరఖాస్తు ఆలస్యం చేయకండి. బొమ్మలను ఆ లెక్కలో కలపకండి. బొమ్మ తిండి పెట్టదు కాబట్టి ఎందుకని మీరు అనుకుంటే మాత్రం, నాకు తెలిసి మీరు సాయంత్రం పూట చెక్కభజనకు వెళతారు. దానికి మీకెవరు జీతమిస్తున్నారు? (నవ్వులు)

(ఒక ఉపాధ్యాయురాలు: తనిఖీకి వచ్చినవాళ్లకు ఏం చూపించాలి సార్? పిచ్చిగీతలు చూపిస్తే మాకే మాట వస్తుంది.)

తేదీలు వేసి దాచండమ్మా. ఒక మనిషివి ఒక కవరులో, వరుసగా. ఆరు నెలల కాగితాలు బల్ల మీద పరిస్తే మీరు వివరించే పని ఉండదు, ఎక్కడ ఒత్తిడి మారింది, ఎక్కడ కొత్త రంగు వచ్చింది, వాళ్లకే కనబడుతుంది. కనబడకపోతే, ఇంకో ఆరు నెలలవి కూడా పరవండి.

(ఒక తల్లి: మా పాప ఏం ఇచ్చినా చించేస్తుంది సార్. గీయదు. కాగితం చేతికివ్వడమే ఆలస్యం, పర్రున చించుతుంది.)

ఎలా చించుతుందమ్మా? సన్నగానా, వెడల్పుగానా? ... సన్నటి పీలికలు, అన్నీ ఒకే కొలత. మరి నలిపి పడేస్తుందా, వరుసగా పెడుతుందా? ... వరుసగా పెడుతుంది. చూశారా, నేను అడగకముందే మీరు అన్నీ గమనించి పెట్టుకున్నారు. ఆ పీలికలు ఊడ్చి పారేయకండి. రేపటి నుంచి రెండు మూడు రకాల కాగితం అందేలా పెట్టండి, న్యూస్ పేపరు, ఖాకీ కాగితం, పెళ్లికార్డు. దేన్ని ముందు తీసుకుంటుందో చూడండి. పక్కన ఒక గిన్నెలో మైదా జిగురు, ఒక అట్ట పెట్టి ఊరుకోండి. ఎలా అంటించాలో చూపించకండి. అంటిస్తే సరే, అంటించకపోతే ఆ వరుసను పైనుంచి ఒక ఫొటో తీసి, పాపకు చూపించి, తర్వాత ఎత్తండి. ఈ ఆదివారం పీలికలన్నీ సంచిలో వేసుకుని పాపతో కలిసి రండి. కొలత అంత సమానంగా ఎలా వస్తోందో నాకూ చూడాలని ఉంది.